వంట లేని సాయంత్రాలు

"రేపటి నుంచి బయటి తిండి బంద్. వంట ఇంట్లోనే" అన్నాడు ఓద్వార్, ఫోన్లోంచి తలెత్తకుండా.

ఇంగున్ అప్పుడు వరండాలో బల్ల తుడుస్తోంది. థాయ్‌లాండ్‌లోని చా-అమ్‌లో సముద్రానికి రెండు సందుల ఇవతల ఇల్లు. పొద్దున్నే తుడిచిన బల్ల మీద కాఫీ తాగేలోగా మళ్లీ సన్నటి ఇసుక పేరుకుంటుంది. ఆ ఇసుకంటే ఇంగున్‌కి ఎప్పుడూ విసుగు రాలేదు. నార్వేలో గుమ్మం ముందు మంచు ఎత్తిపోసిన మనిషికి ఇసుక తుడవడం ఒక పనా!

"మన నార్వే క్రోనర్ విలువ మళ్లీ పడిపోయింది. వచ్చిన కొత్తలో నా పెన్షన్‌తో రాజాల్లా బతికాం. ఇప్పుడు అదే పెన్షన్ ఇక్కడి బాత్‌లలోకి మారిస్తే మూడో వంతు మాయం. ఎక్కడో ఒకచోట తగ్గించాలిగా" అన్నాడతను.

"ఎక్కడ తగ్గిద్దాం?"

"అదే చెప్తున్నా. నువ్వెలాగూ ఖాళీగానే ఉంటావు. రోజూ ఆ కూరల బండికి పోసే డబ్బు మిగులుతుంది."

బీచి దగ్గర నార్వే మిత్రులతో తాగే మధ్యాహ్నపు బీరు సంగతి అతను ఎత్తలేదు. వారానికి రెండుసార్లు ఆడే గోల్ఫ్ సంగతీ ఎత్తలేదు. రాత్రంతా గుయ్యిమనే ఏసీ మాట అసలే రాలేదు. పొదుపు చెయ్యాలనుకోగానే అతని చూపు నేరుగా భార్య చేతుల మీదికి వెళ్లింది. అందులో దురుద్దేశమేమీ లేదు పాపం, అతనికి అలవాటైన దారి అదే. ఇంగున్ గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. "సరే" అంది. అనేశాక గానీ ఆ మాట ఎంత బరువో తెలియలేదు.

ఆమె వంట చెయ్యలేక కాదు. చేసి చేసి అరిగిపోయింది. నార్వే ఉత్తరాన చిన్న ఊళ్లో, వృద్ధాశ్రమం వంటశాలలో ఉద్యోగం. పొద్దుటి నుంచి అక్కడ బంగాళాదుంపలు చెక్కు తీసి, ఉడికించి, వడ్డించి, గిన్నెలు తోమించి, ఆ తర్వాత చలిలో సైకిల్ తొక్కుకుంటూ ఇంటికొచ్చి కోటు విప్పకుండానే మళ్లీ బంగాళాదుంపల చెక్కు తీసేది. ఓద్వార్ పడవల ఇంజనీరు, అయిదింటికల్లా ఆకలితో వస్తాడు. ఇద్దరు పిల్లలు. ఆదివారమైతే అత్తగారు. ఆ మహాతల్లి కూర్చోగానే ఫోర్కుతో దుంపని ఒక్క పోటు పొడిచి చూసేది, ఉడికిందా లేదా అని. ఉడికితే ఏమీ అనేది కాదు. ఉడక్కపోతే కొడుకు వైపు జాలిగా చూసేది. "మా అమ్మ చేసే సాస్ ఇంకా చిక్కగా ఉండేది" అని ఓద్వార్ తనొక్కడికే తెలిసిన రహస్యంలా ప్రతి ఆదివారం చెప్పేవాడు. ఉద్యోగంలో చేసిన వంటకి జీతం ఉండేది, కనీసం సెలవు రోజులుండేవి. ఇంట్లో చేసిన దానికి ఏ సాస్ చిక్కదనం చాలదో వినే భాగ్యం మాత్రమే ఉండేది. "ఇవాళ ఏం వండుతున్నావ్?" అన్న ప్రశ్న లేని సాయంత్రం ఆమెకి పెళ్లయ్యాక గుర్తులేదు. జ్వరమొచ్చినప్పుడు కూడా ఆ ప్రశ్న మంచం దాకా వచ్చి, కాస్త మెల్లగా వినబడేది, అంతే తేడా.

పెన్షన్ వచ్చాక, చలికి కీళ్లు పట్టేస్తున్నాయని, థాయ్‌లాండ్‌లో చవకగా బతకొచ్చని ఓద్వారే ఈ ఊరు వెతికాడు. ఇల్లమ్మి వచ్చేశారు. అద్దెకి తీసుకున్న ఇంట్లో మొదటిరోజు ఇంగున్ గదులన్నీ తిరిగింది, వంటిల్లు కనబడలేదు. ఇంటి యజమానురాలు వెనక తలుపు తీసి చూపించింది. రేకు కింద ఒంటరిగా ఒక గ్యాసు పొయ్యి, పక్కన ఒక తొట్టి, దాన్నిండా ఎండుటాకులు. "మరి వంట ఎక్కడ చేస్తారు?" అని ఇంగున్ చేతులతో సైగ చేసి అడిగితే ఆవిడ తెల్లబోయింది. "వంటెందుకమ్మా? వీధి లేదూ?" అంది.

ఆ సాయంత్రం వీధిలోకి వెళ్లి చూసింది. లమ్యాయ్ అనే ఆవిడ కూరల బండి. వరసగా గిన్నెలు. తాటిబెల్లం వేసి ఉడికించిన గుడ్లు, పుల్లటి చేపల పులుసు, కొబ్బరిపాలలో లేత తాటికాయ కూర. బండి చుట్టూ బ్యాంకులో పనిచేసే అమ్మాయి, ఆసుపత్రి నర్సులు, హోటళ్లలో గదులు సర్దే ఆడవాళ్లు, చంకలో పిల్లాడితో ఒక టీచరు. వేలితో చూపిస్తున్నారు, లమ్యాయ్ గరిటెతో కవర్లోకి పోసి రబ్బరు బ్యాండు తిప్పి కట్టేస్తోంది. ఆ కవర్లు స్కూటరు హ్యాండిలుకి తగిలించుకుని నవ్వుకుంటూ వెళ్లిపోతున్నారు. ఇంట్లో పొయ్యి వెలిగించనందుకు ఒక్క ముఖంలోనైనా తప్పు చేసిన ఛాయ లేదు. ఎవరూ దొంగతనంగా కొనడం లేదు, ఎవరూ సంజాయిషీ చెప్పుకోవడం లేదు. ఇంగున్‌కి అక్కడే, ఆ జనం మధ్యనే, ఏడుపొచ్చేసింది. కారం ఘాటుకి కళ్లు మండాయనుకుని లమ్యాయ్ మంచినీళ్ల గ్లాసు అందించింది.

అప్పటి నుంచీ సాయంత్రాలు ఆమెవి. అయిదింటికి ఎండ మెత్తబడగానే సరుగుడు చెట్ల కింద నుంచి సముద్రంలోకి దిగేది, ఊళ్లో ఆడవాళ్లలాగే చొక్కా, పొట్టి ప్యాంటుతోనే. వాళ్లే ఆమెకి నీళ్ల మీద వెల్లకిలా తేలడం నేర్పారు. "మెడ బిగించకు, దొరసానీ, సముద్రం నిన్ను ఎక్కడికీ ఎత్తుకుపోదు" అని తల కింద చెయ్యిపెట్టి పట్టుకునేవాళ్లు. అరవై దాటాక నేర్చుకుంది. చెవుల్లోకి నీళ్లు నిండగానే లోకం మాటలన్నీ ఆగిపోయేవి. ఆకాశం తప్ప కంటికి ఇంకేమీ ఆనేది కాదు. ఏమీ చెయ్యకుండా, ఎవరికీ ఏమీ కాకుండా ఉండటం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకెవరూ చెప్పలేదు. తిరిగొస్తూ, తడిబట్టలతోనే, బండి దగ్గర రెండు కవర్లు తీసుకునేది. దారి పొడుగునా ఆమె మనసులో ఒకటే మాట. ఈ ఊరు చల్లగా ఉండాలి. ఈ బండి చల్లగా ఉండాలి. నన్నిక్కడికి తెచ్చిన ఓద్వార్ కూడా చల్లగా ఉండాలి.

ఇప్పుడు ఆ ఓద్వారే వంట అన్నాడు.

పోనీ కూరా అన్నమూ వండమన్నాడా అంటే అదీ కాదు. నాలుగేళ్లుగా నాలుక చచ్చిపోయిందట. మాంసపు ఉండలు, ఉడికించిన బంగాళాదుంపలు, గోధుమరంగు సాస్ కావాలి. చేప ఉన్నా వెన్నలో వేగాలి. పొద్దున్నే బ్రెడ్డు మీదికి మేకపాల జున్ను. అన్నీ మన ఊరి వేళకి, అంటే సరిగ్గా సాయంత్రం అయిదింటికి బల్ల మీద ఉండాలి. ఇంగున్ బస్సెక్కి పక్క పట్నం హువా హిన్ వెళ్లి, విదేశీయుల సరుకులమ్మే సూపర్ మార్కెట్లో అద్దాల వెనక చల్లగా పడుకున్న వెన్న, జున్ను, ఎక్కడో చలిదేశం నుంచి విమానమెక్కి వచ్చిన దుంపలు మోసుకొచ్చింది. రేకు కింద పొయ్యి వెలిగించింది. పైన రేకు కాలిపోతోంది, కింద పొయ్యి మండిపోతోంది. చెమట కళ్లలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ ఉండలు వేయించింది. అవతల సందులోంచి ఆడవాళ్లు సముద్రానికి వెళ్తున్న చెప్పుల చప్పుడు వినబడింది.

"ఆహా, ఇదీ భోజనమంటే!" అన్నాడు ఓద్వార్ మొదటిరోజు. నాలుగో రోజుకి "సాస్ కాస్త పలచనైంది కదూ" అన్నాడు.

ఆ మాట వినగానే ఇంగున్‌కి అత్తగారి ఫోర్కు కళ్లముందు మెదిలింది. ఆవిడ పోయి ఎన్నేళ్లయిందో! సముద్రాలు దాటి ఇంత దూరం వచ్చి, ఈ ఎండలో, ఈ రేకు కింద కూడా ఆవిడ తన దుంపని పొడుస్తూనే ఉందన్నమాట. నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. జీవితాంతం వదిలించుకున్నాననుకున్నది ఇంత తేలిగ్గా, "సరే" అన్న ఒక్క మాటతో తిరిగొచ్చేసింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. కొట్టలేదు, తిట్టలేదు. మర్యాదగా అడిగారు, తను మర్యాదగా ఒప్పుకుంది.

లమ్యాయ్‌కి ముఖం చూపించలేక వెనక సందు గుండా తిరగడం మొదలుపెట్టింది. ఆ ఊళ్లో రోజూ కొనేవాళ్లు చెప్పాపెట్టకుండా మానేస్తే తగువు పెట్టుకున్నట్టే లెక్క. అది ఇంగున్‌కి తట్టలేదు. ఒకరోజు గేటు గడియకి కవరు వేలాడుతూ కనిపించింది, ఇంకా వెచ్చగా ఉంది. లేత తాటికాయ కూర. ఎవరు పెట్టారో అడగక్కర్లేదు. ఇక తప్పదని బండి దగ్గరికి వెళ్లింది.

"వచ్చావా అక్కా! దారి మర్చిపోయావనుకున్నా" అంది లమ్యాయ్. గిన్నెలు అప్పుడే మూతలు తీస్తోంది, ఇంకా బేరం మొదలవలేదు. లమ్యాయ్‌కి వచ్చిన ఇంగ్లిషు, ఇంగున్‌కి వచ్చిన థాయ్ కలిపితే ఒక భాషకి సరిపోతుంది. "నా కూరలో వెంట్రుకేమైనా వచ్చిందా? ఉప్పెక్కువైందా? మొహమాటపడకుండా చెప్పు. దొరసాని ఎందుకలిగిందని సందంతా నన్నే అడుగుతోంది."

"అయ్యో, అలగడమేంటి లమ్యాయ్! ఓద్వార్ ఇంట్లో వండమన్నాడు. డబ్బు కలిసొస్తుందని."

"ఏం వండుతున్నావ్?"

చెప్పింది. దుంపలు, వెన్న, జున్ను, ఎక్కడ కొన్నదీ, ఎంతకి కొన్నదీ. లమ్యాయ్ గరిటె పక్కనపెట్టి రెండు చేతులూ నడుం మీద వేసుకుంది.

"ఆ జున్ను ముక్కకి పెట్టిన డబ్బుతో మీరిద్దరూ నా దగ్గర వారం రోజులు మూడు పూటలా తినొచ్చు. ఎవరమ్మా మీ ఆయనకి లెక్కలు నేర్పింది? పైగా ఇంజనీరంటివి!"

"ఆయన జున్ను లెక్క వెయ్యలేదు. ఇంట్లో వండితే ఖర్చుండదు అనుకున్నాడంతే."

"ఎందుకుంటుంది? నువ్వున్నావుగా, ఊరికే వచ్చే పనిమనిషివి" అని పకపకా నవ్వింది. తర్వాత నవ్వాపి, "మరి నీ సాయంత్రానికి ఎంత కట్టాడు?" అని అడిగింది.

ఇంగున్ చాలా రోజులుగా లోపల నలుగుతున్న మాట బయటపెట్టింది. "నాకు నీ దగ్గర సిగ్గుగా ఉంటుంది లమ్యాయ్. నువ్వు తెల్లారకముందే లేచి ఇవన్నీ వండితేనే కదా నా సాయంత్రం ఖాళీ అయింది. నేను తప్పించుకున్న పనే నువ్వు చేస్తున్నావు."

"ఇదెక్కడి చోద్యం! నేను మాత్రం తప్పించుకోలేదా?" అంది లమ్యాయ్. "అత్తింట్లో పదిమందికి వండేదాన్ని. తినేసి చేతులు కడుక్కుంటూ పులుపెక్కువైందనేవాళ్లు. ఓ రోజు విసుగొచ్చి అదే గిన్నె తెచ్చి వీధిలో పెట్టా. అదే పులుసు, అదే పులుపు. జనం డబ్బులిచ్చి మరీ మెచ్చుకున్నారు. ఇప్పుడు ఏడింటికి గిన్నెలు ఖాళీ, ఆ తర్వాత ఆకలని ఎవడైనా నా గడప తొక్కితే చూడు! మా ఆయనకి కూడా కవరే. మొన్న అప్పు పెట్టాడు, అందరి ముందూ అడిగేశా."

ఇంగున్ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. లమ్యాయ్ మాత్రం ఈసారి నవ్వలేదు.

"అలాగని ఇదేదో స్వర్గమనుకోకు. పొయ్యి పొయ్యే. కాళ్లు లాగేస్తాయి, చేతులు కాలతాయి. కానీ నన్ను చూసి జాలిపడకు అక్కా, జాలితో నాకు బియ్యం రావు. రోజూ వచ్చి కొను. తిన్నావా ఇవాళ?"

తిన్నావా! ఆ ఊళ్లో ఎవరు ఎదురైనా పలకరింపుగా అడిగే మాటే. కానీ ఇంగున్ జీవితంలో అందరికీ ఆమె పెట్టింది తప్ప, నువ్వు తిన్నావా అని ఆమెని అడిగిన మనిషి ఈ ఊరికొచ్చాకే కనబడింది. లేదని తలూపింది. లమ్యాయ్ ప్లాస్టిక్ స్టూలు లాగి, పళ్లెంలో అన్నం పెట్టి, పైన పులుసు పోసింది. వీధిలో కూర్చుని, ఎవరో వండిన అన్నం, ఎవరి కోసమూ లేవనక్కర్లేకుండా తింటుంటే ఆమెకి ఆ మనిషి కాళ్లు పట్టుకోవాలనిపించింది. ఏం చేసి ఈ రుణం తీర్చుకోవాలో తెలియలేదు. మళ్లీ ముద్ద నోట్లో పెట్టుకుంది. ఈ ఊరు వదిలి తను బతకలేదని ఆ ముద్ద మింగుతుండగా తేలిపోయింది.

నెలాఖరుకి ఓద్వార్ ఫోన్లో బ్యాంకు ఖాతా తెరిచి కూర్చున్నాడు. రెండుసార్లు చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. బండి దగ్గర తిన్న నెలకన్నా ఇంట్లో వండిన నెల ఎక్కువైంది, కొంచెం కాదు, దాదాపు రెట్టింపు.

"నువ్వు చూసుకుని కొనడం లేదనుకుంటా" అన్నాడు. "అమ్మయితే సగం డబ్బుతో ఇల్లు నడిపేది."

అతను బయటికి, సందు చివర కనబడే సముద్రపు నీలిగీత వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. తర్వాత ఆమె చేతిమీద చెయ్యి వేశాడు. ప్రేమగానే వేశాడు.

"ఇక ఇక్కడ మనవల్ల కాదు. వసంతం రాగానే నార్వే వెళ్లిపోదాం. ఊళ్లో చిన్న ఫ్లాటు చాలు మనిద్దరికీ. దుంపలు అక్కడ చవక. నీకూ బాగుంటుంది, నిజమైన వంటిల్లు ఉంటుంది. ఈ రేకుల కింద నువ్వు చెమటలు కక్కుతుంటే నాకూ బాధగానే ఉంది."

ఆమెకి బహుమతి ఇస్తున్నాననే అనుకున్నాడతను. అతని కళ్లల్లో అది స్పష్టంగా కనబడింది. అదే ఇంగున్‌కి కష్టమైంది. అతను చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేది! కానీ ఈ సముద్రం అతను చూపించిందే. గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు వారం రోజులు ఆసుపత్రి కుర్చీలో నిద్రపోయింది అతనే. పిల్లల చదువులకి రాత్రి షిఫ్టులు ఒప్పుకుంది అతనే. అతను చేసిన మేలు ఒక్కటీ ఆమె మర్చిపోలేదు. ఆ మేలు గుర్తొచ్చిన ప్రతిసారీ ఆమె నోటి దాకా వచ్చిన "వద్దు" లోపలికి వెళ్లిపోయేది. కృతజ్ఞత ఉన్నచోట కాదనడం ఎంత కష్టమో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇన్నాళ్లూ అతను చేసిన మేలుకి బదులు తను ఇచ్చింది ఏమిటి మరి? చెక్కు తీసిన ఆ దుంపలన్నీ కుప్ప పోస్తే ఈ ఇంటి కప్పు దాటదా? బాకీ ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు మిగిలినది ఒట్టి ప్రేమే. ప్రేమకి రోజూ అయిదింటికి దుంపలు ఉడకనక్కర్లేదు.

"నువ్వు వెళ్లు ఓద్వార్. నేనిక్కడే ఉంటాను" అంది.

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. "ఒక్కదానివే? దేంతో ఉంటావ్?"

"వంటశాల పెన్షన్ వస్తుందిగా నాకు. అక్కడైతే అది గది అద్దెకే చాలదు. ఇక్కడ అద్దెకీ తిండికీ సరిపోయి, ఇంకా ఏదైనా నలతగా ఉంటే డాక్టరుకి కూడా మిగులుతుంది. లమ్యాయ్ చెల్లెలి ఇంటి మేడమీద గది ఖాళీగా ఉంది."

"వీసా? నువ్వు నా వీసా మీద ఉన్నావు. నేను వెళ్లిపోతే నిన్నూ పంపించేస్తారు."

"ఇల్లమ్మిన డబ్బులో సగం నాదేగా. అది ఇక్కడి బ్యాంకులో నా పేరున వేసుకుంటే నా వీసా నాకిస్తారట. కనుక్కున్నాను."

"ఎప్పుడు?"

"నీ దుంపలకోసం హువా హిన్ వెళ్లినప్పుడు."

ఓద్వార్ ముఖం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. లేచి వరండా చివరిదాకా వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. ఇంగున్ బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. అతను ఏం అడుగుతాడో ఆమె ముందే ఊహించుకుంది. పిల్లలేమనుకుంటారు అంటే జవాబుంది. ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు అంటే జవాబుంది. ఈ వయసులో విడిగా ఉంటే నలుగురూ నవ్వరా అంటే దానికీ ఉంది. జవాబు లేని ప్రశ్న ఒక్కటే. నువ్వు లేకుండా నేనెలా ఉండను అని అతను అడిగితే మాత్రం తను ఇక్కడే, ఇప్పుడే ఓడిపోతుంది. కన్నీళ్లు తుడుచుకుని లేచి పెట్టె సర్దడం మొదలుపెడుతుంది. తన సంగతి తనకి బాగా తెలుసు. దేవుడా, ఆ ఒక్క మాట అడగకూడదు, అనుకుంది. అడిగితే బాగుండునని కూడా, లోపలెక్కడో, అనుకుంది.

ఓద్వార్ నోరు తెరిచాడు. మూశాడు. చివరికి అడిగాడు.

"మరి అక్కడ నాకు వండేదెవరు?"

ఇంగున్ వేళ్లు బల్ల అంచుని వదిలేశాయి. భర్త ముఖంలోకి చూసింది, ఏ కోపమూ లేకుండా. అతను ఈ జన్మలో ఆమెకి చేసిన మేళ్లన్నిటికంటే పెద్దది ఇదేనని, ఆ సంగతి అతనికెప్పటికీ తెలియదని అనుకుంటూ, మనసారా అతనికి దణ్ణం పెట్టుకుంది.